ఎదురు లైటుకు ప్రతినమస్కారం

శిష్యుల కళ్లు తెరిపించేవాడు గురువంటారు. నేను ఆ గురువుగారి కళ్లే మూయించాను, అదీ నా థీసిస్ మీద సంతకం పెట్టడానికి ఆయన వస్తున్న సాయంత్రం. చెబుతాను, నవ్వుకోండి. మా డిపార్టుమెంటు వాళ్లు కనిపిస్తే మాత్రం మాట మార్చేయండి.

అప్పట్లో మేం తార్నాకలో ఉండేవాళ్లం. నేను పక్కనే యూనివర్సిటీలో ఫిజిక్సు పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. వెలుగు అద్దాల మీద పడి ఎటు చెదురుతుందన్నది నా విషయం. మా గైడు సిద్దిపేట రైతుబిడ్డ. ఏళ్ల తరబడి నా థీసిస్‌ను తిప్పికొట్టడమే తప్ప ఒక్క మంచి మాట అనలేదు. ఆఖరికి ఆ రోజు, సాయంత్రం డిపార్టుమెంటుకు రా, సంతకం పెడతానన్నారు. ఆ సంతకం కోసం మా అమ్మ మొక్కని దేవుడు లేడు.

నాన్న పాత కారు అంతకు కొన్నాళ్ల ముందే నా చేతికొచ్చింది. దాని లైట్లు ఆముదం దీపాలకు అక్కచెల్లెళ్లు. షాపుకు తీసుకెళ్లి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాను. రోడ్డంతా పాల లెక్క కనిపిస్తది మేడం, అన్నాడు షాపతను. నిజంగానే కనిపించింది. నాకు.

ఇక చూడండి, ఎదురొచ్చే ప్రతి బండీ నాకు రెండుసార్లు లైటు కొట్టడమే! ఆటోలు, కార్లు, చివరికి సిటీ బస్సులు కూడా. మాది రాజమండ్రి వైపు. ఎవరైనా దండం పెడితే తిరిగి పెట్టకపోవడం మా ఇంట్లో మహాపాపం. తార్నాకలో ఇంత మర్యాదస్తులున్నారా అని పొంగిపోయి, అందరికీ తిరిగి లైటు కొట్టాను. కొందరు అద్దం దించి ఏదో అరిచారు. కుశల ప్రశ్నలనుకున్నాను.

సంతకం రోజు సాయంత్రం కూడా అలాగే మర్యాదలు అందుకుంటూ క్యాంపస్‌లోకి తిరిగాను. మునిమాపు వేళ. ఎదురుగా ఒక స్కూటరు రెండుసార్లు లైటు కొట్టింది. నేనూ కొట్టాను. అది నాలుగుసార్లు కొట్టింది. ఆహా, ఎవరో మరీ సంస్కారవంతులు! హై బీమ్ వేసి, హారన్ కూడా జోడించి సమర్పించుకున్నాను. స్కూటరు వంకర తిరిగి, రోడ్డు పక్కన ఊడ్చి పోసిన ఆకుల కుప్పలోకి దూరిపోయింది.

లైట్లార్పి పరుగెత్తాను. ఆకుల్లోంచి లేచింది మా సారు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరది?" అన్నారాయన, నన్ను కాదు, పక్కనున్న వేపచెట్టును.

ఆయనకు కళ్లు కనిపించడం లేదు. దేవుడున్నాడనిపించింది. గొంతు మార్చాను, యాస కూడా మార్చాను. పేరడిగితే మా ల్యాబులో నా పక్కన కూర్చునే నల్గొండ పిల్ల స్వప్న పేరు చెప్పేశాను.

"దెబ్బ తాకిందా సార్?"

"దెబ్బ సంగతి గాదు బిడ్డా. లైటు దించుమని సైగ చేస్తే ఇంకింత కొట్టిండు గా కారోడు!"

సైగా? అయితే ఇన్నాళ్లూ తార్నాక నాకు పెట్టినవి దండాలు కావన్నమాట.

"గసుంటోళ్లకు లైసెన్సు ఎవరిచ్చిన్రో సార్," అని నన్ను నేనే తిట్టుకున్నాను. సారుకు ఆ తిట్టు బాగా నచ్చింది. ఆకులు దులుపుకుంటూ పాఠం మొదలుపెట్టారు. పాత బల్బు కోసం చేసిన అద్దపు గిన్నెలో ఈ తెల్ల బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద నిలవదట, చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుందట. దీపం కింద చీకటంటారు గానీ, నా దీపానికి ముందు కూడా చీకటే.

"నా స్టూడెంటు ఒకామె గీ చెదురుడు మీదనే థీసిస్ రాసింది," అన్నారు సారు. "మస్తు తెలివైన పిల్ల. మొకం మీద చెప్పలే గని, అసుంటి పని నా దగ్గర ఎవ్వరు చెయ్యలే."

ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట! కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒళ్లూ, అరువు తెచ్చుకున్న యాసా మరిచిపోయాను.

"ఆయ్! చాలా థాంక్సండీ!" అన్నాను.

సారు చేతులు ఆగిపోయాయి. కళ్లు నులుముకుని నన్ను చూశారు, నా వెనకున్న కారును చూశారు, మళ్లీ నన్ను చూశారు.

"నల్గొండల ‘ఆయ్’ ఎప్పటిసంది అంటున్రు బిడ్డా?"

నేను కారు తాళాలు వెనక్కి దాచుకున్నాను.

"సంతకం పెడ్త తియ్," అన్నారు చల్లగా. "ఇంకో చాప్టర్ రాసి తే. కారు లైట్ల మీద. ప్రయోగమైతే అయిపాయె గద."

ఆ చాప్టర్ నా రక్తం తాగింది, సంతకం వచ్చేసరికి ఏడాది తిరిగింది. అందుకే పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరు లైటు కొట్టినా నా లైటు దించుతాను. ఎవరు మెచ్చుకున్నా, నోరు తెరవను.