మరిగిన ఇంజన్, చల్లటి రేడియేటర్: దుమ్ముగూడెం దారిలో ఒక పెళ్లి ప్రయాణం

మా పెద్దమ్మకు ఆ పెళ్లి పిలుపు ఖమ్మం మిర్చి యార్డులో అందింది. పచ్చడికి ఎండు మిరపకాయలు కొందామని వెళ్లి, ఘాటుకు తుమ్ముతూ నిలబడ్డ ఆవిడను దుమ్ముగూడెం వైపు నుంచి బస్తాలు తెచ్చిన ఒక రైతు గుర్తుపట్టాడు. "నర్సమ్మా, నువ్వేనా? నేను సమ్మక్క తమ్ముణ్ణి. మా లక్ష్మి పెండ్లి. నర్సమ్మ రాకుంటే పిల్లని పందిట్ల కూసోబెట్టనంటున్నది మా అక్క" అన్నాడట. పెద్దమ్మ రాజేశ్వరి ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ అడవి పల్లెల్లోనే నర్సుగా తిరిగింది; అక్కడివాళ్లందరికీ ఆవిడ నర్సమ్మే. ఇరవై ఏళ్ల కిందట వాగు పొంగిన రోజున, నలుగురు ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి భుజాలకెత్తుకుని అవతలి ఒడ్డుకు చేర్చారు. ఆ మధ్యాహ్నం సమ్మక్కకు పుట్టిన పిల్లే ఈ లక్ష్మి. రిటైరైన మూడేళ్లలో పెద్దమ్మ అంత హుషారుగా ఇంటికి రావడం నేను చూడలేదు. "బస్సెందుకు పెద్దమ్మా, నేను తీసుకెళ్తా" అని ఆ క్షణంలోనే మాటిచ్చేశాను.

నేను తిరుమలాయపాలెం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. నా కారు పదిహేడేళ్ల పాత పెట్రోల్ బండి, ఒక డాక్టరుగారు వాడి వాడి వదిలేసింది. అప్పటికి నెల రోజులుగా దానికో జబ్బు పట్టుకుంది. స్టార్టు చేసిన అరగంటకు వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాకా ఎగబాకేది. ఖమ్మంలో మెకానిక్ రేడియేటర్ కడిగాడు, దాని మూత మార్చాడు, ఫ్యాను బెల్టు కొత్తది వేశాడు. ఊళ్లో తిరిగితే బాగానే ఉండటంతో రోగం కుదిరిందనుకున్నాను.

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి ఖమ్మంలో బయలుదేరాం. కొత్తగూడెం పోవడానికి తల్లాడ మీదుగా ఒక దారి, ఇల్లందు మీదుగా ఒక దారి ఉన్నాయి. చెట్లు చూస్తూ పోదామని పెద్దమ్మ కోరితే ఇల్లందు వైపు తిప్పాను. తాళి కట్టడం మధ్యాహ్నం మూడు లోపు. భద్రాచలం దాటాక ఆ పల్లెకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తప్ప బస్సు లేదు. అయినా తొమ్మిది గంటల సమయం ఉంది కదా అని ధీమా. ఏడు కాకముందే ముల్లు లేచింది. చెట్టు నీడన ఆపి బానెట్ ఎత్తితే లోపలి నుంచి వేడి ముఖానికి కొట్టింది. వెదురు లోడుతో వస్తున్న లారీ డ్రైవర్ మమ్మల్ని చూసి ఆపాడు. "నీళ్లు అయిపోయి ఉంటయ్ మేడం, నా దగ్గర క్యాను ఉన్నది" అంటూ దిగాడు. బండి చల్లారాక గుడ్డ వేసి మూత తీశాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. "ఇదేంది! నిండా ఉన్నయ్ గదా" అని తల గోక్కుని, క్యాను మూసుకుని వెళ్లిపోయాడు.

ముల్లు దిగినప్పుడు నడిపి, లేచినప్పుడు ఆపి, ఇల్లందు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ప్లేటు ఎనిమిది రూపాయలు, పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత. పెద్దమ్మ మాత్రం పెళ్లికూతురికి తెచ్చిన చీర ఉన్న సంచిని ఒళ్లో నుంచి దించడం లేదు. టేకులపల్లి దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ ఠకఠకమని కొట్టుకోవడం మొదలైంది. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద చిన్న చాయ్ హోటల్ కనిపిస్తే కారును అక్కడిదాకా ఎలాగో నెట్టుకొచ్చి ఆపేశాను. తొమ్మిదింబావు.

ఆ హోటల్ కొమురమ్మది. ఆమె భర్త మల్లయ్య బొగ్గు బాయిలో, అంటే గనిలో, నీళ్ల పంపుల ఫిట్టర్‌గా చేసి రిటైరైనాడు. మేం అడగకముందే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి ఇంజన్ దగ్గర నిలబడ్డాడు. ఏ పనిముట్టూ ముట్టలేదు. మంటలా ఉన్న ఇంజన్‌కు జానెడు దూరంలో అరచేయి పెట్టి చూశాడు. తర్వాత అరచేతి వెనక వైపుతో రేడియేటర్‌ను మెల్లగా తాకాడు. ఇంజన్ మీది నుంచి రేడియేటర్‌కు పోయే లావుపాటి రబ్బరు పైపును రెండు వేళ్లతో నొక్కి, "టీచరమ్మా, నువ్వు పట్టి సూడు" అన్నాడు. భయపడుతూనే పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది, అంతే!

"ఇంజన్ ఉడుకుతున్నది. రేడియేటర్ సల్లగున్నది. అంటే, నీళ్లు అటు పోతలేవు. నడిమిట్ల ఎవడో తలుపు మూసిండు" అన్నాడు మల్లయ్య.

"పంపు పాడైందేమో?" అన్నాను.

"పంపైతే కారాలె, లేకుంటే మూలగాలె. ఇది కారలే, మూలగలే. నాకైతే థర్మోస్టాట్ వాల్వ్ మీదనే అనుమానం."

నాకు సిగ్గేసింది. వేడికి పదార్థాలు వ్యాకోచిస్తాయని ఏటా తొమ్మిదో తరగతికి చెప్పేది నేనే. థర్మోస్టాట్ చేసేదీ అదే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని, వేడెక్కగానే లోపలి మైనం ఉబ్బి తలుపు తెరిచి నీళ్లను రేడియేటర్‌కు వదులుతుంది. ఆ తలుపు తెరుచుకోకపోతే రేడియేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభమేముంది?

"విప్పితే ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను. ముందు ఇంజన్ చల్లారాలి, మొత్తం రెండు గంటలన్నాడు. పది గంటలకు కొత్తగూడెం బస్సుంది. అది ఎక్కి కొత్తగూడెంలో మారితే పెద్దమ్మ భద్రాచలం దాకా వెళ్లగలదు, అక్కడ ఆటో దొరికితే దొరుకుతుంది. ఇక్కడే ఉంటే, మల్లయ్య అనుమానం తప్పైతే, పెళ్లి పోయినట్టే. నేను తేల్చుకోలేక పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ మల్లయ్య చేతుల్నే చూస్తోంది. "ఈయన జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు చూసిండు పద్మా. తొందర పడలే. నేను బస్సెక్క. ఇక్కడే ఉంట" అంది. బస్సు వచ్చి, రెండు నిమిషాలు ఆగి, వెళ్లిపోయింది. ఆ దుమ్ము సర్దుకునేదాకా నేను రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇంజన్ చల్లారాక మల్లయ్య కొన్ని నీళ్లు కిందికి వదిలి, రెండు బోల్టులు తిప్పి, పైపు మొదట్లో ఉన్న మూతను లేపాడు. లోపల తుప్పు పట్టిన, చిన్న సీసా మూతంత లోహపు బిళ్ల ఉంది, అదే థర్మోస్టాట్. "దీన్ని మరిగే నీళ్లల్ల ఏసి సూద్దాం. మంచిదైతే నోరు తెరుస్తది" అంటూ పొయ్యి వైపు నడిచాడు.

కొమురమ్మ గరిటె ఎత్తింది. "నా చాయ్ గిన్నెల ఆ తుప్పుముక్క ఏసినవో, గీ పూట నీకు బువ్వ లేదు!"

"గట్లంటవేందే! టీచరమ్మ పెండ్లికి పోవాలె."

పెళ్లి మాట వినగానే కొమురమ్మ మెత్తబడింది. గుడ్లు ఉడకబెట్టే గిన్నెలోంచి గుడ్లు తీసి పక్కన పెట్టి, మరుగుతున్న నీళ్లను మాకు వదిలింది. మల్లయ్య బిళ్లకు దారం కట్టి గిన్నెలోకి దించాడు. చాయ్ తాగుతున్న నలుగురు బాయి పనివాళ్లు గ్లాసులతో సహా వచ్చి మూగారు. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని వంగింది. నీళ్లు కుతకుతలాడుతున్నాయి. ఒక నిమిషం, రెండు, ఐదు. బిళ్ల కొంచెం కూడా కదల్లేదు. "గుడ్లు ఉడికినయ్ గాని మీ వాల్వ్ ఉడకలేదు పో" అంది కొమురమ్మ, అందరం పగలబడి నవ్వాం. దోషి దొరికితే ఇంత సంతోషం కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడ కొత్త వాల్వ్ దొరకదు. అది లేకుండానే మూత బిగిస్తే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగినా బండి వేడెక్కదని మల్లయ్య చెప్పాడు. పాత అట్టను మూత ఆకారానికి కత్తిరించి, గ్రీజు పూసి మధ్యలో పెట్టాడు. నీళ్లు నింపి స్టార్టు చేశాం. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ముల్లు సగం దాకా కూడా రాలేదు. మల్లయ్య మళ్లీ రేడియేటర్ మీద చేయి పెట్టి, "ఇప్పుడు కాలుతున్నది. ఇగ పోండ్రి" అన్నాడు. పనికి వంద రూపాయలు అడిగాడు, ఇచ్చాను. కొమురమ్మ నాలుగు గుడ్లు ఉప్పూకారంతో పొట్లం కట్టి, "పెండ్లిపిల్లకు నా దీవెన చెప్పు అక్కా" అని పెద్దమ్మ చేతిలో పెట్టింది.

పదకొండున్నరకు కదిలాం. కొత్తగూడెం, పాల్వంచ దాటుతుంటే ఆ ఎండలో కూడా నేను పాటలు కూనిరాగం తీస్తున్నాను. ఒంటిగంటకు గోదావరి వంతెన మీద ఉన్నాం. నీళ్లు తక్కువ, ఇసుక తిన్నెలు ఎక్కువ. దుమ్ముగూడెం దారిలో ఎడమకు మట్టిబాట ఉంది, నెమ్మదిగా పోతే చిన్న కారుకు ఇబ్బంది లేదు. బాట పక్కన ఇప్పపూలు రాలి తీయటి వాసన వస్తోంది. రెండున్నరకు డోలు చప్పుడు వినిపించింది.

నేరేడు కొమ్మల పందిరి ముందు సమ్మక్క నిలబడి ఉంది. కారును చూసి పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "పొద్దటి సంది బాట దిక్కే చూస్తున్న. మావోళ్లు ఇగ రాదన్నరు. వస్తదని నేనన్న" అంటూ ఏడుస్తూ నవ్వింది. పెద్దమ్మ కాళ్ల మీద నీళ్లు పోసి లోపలికి తీసుకెళ్లారు. లక్ష్మి తలమీద మొదటి అక్షింతలు ఆవిడే వేసింది. తర్వాత జరిగింది మేమెవరం ఊహించలేదు. ఒక కుర్రాడు వచ్చి, "నర్సమ్మా, నేను గూడ నీ చేతుల్లనే పుట్టినన్నట" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు, చంకన బిడ్డతో ఒక అమ్మాయి, మీసాలొచ్చిన ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమ్మ ఒక్కరినీ గుర్తుపట్టలేకపోయింది. "గిట్ల కాదు. మీ తల్లుల్ని పిలువుండ్రి. వాళ్ల ముఖం చూస్తే మీరెవరో చెప్త" అంది. తల్లులు నవ్వుతూ వచ్చారు. ఒక్కొక్కరినీ చూసి ఆవిడ పేరుతో సహా చెబుతుంటే, డోలు కొట్టేవాళ్లు కూడా ఆపి వినసాగారు. అడ్డాకు విస్తరిలో అన్నం, కోడికూర తిని, ఆడవాళ్ల వరసలో చేతులు కలిపి మా పెద్దమ్మ నాలుగడుగులు ఆడింది కూడా.

చీకటి పడకముందే భద్రాచలం చేరి, బస్టాండు దగ్గర రెండు వందలకు లాడ్జి గది తీసుకుని, మర్నాడు పొద్దున తిరిగొచ్చాం. చెడిపోయిన బండి మా ప్రయాణాన్ని పాడుచేస్తుందని భయపడ్డాను గానీ, ఇప్పుడు ఆ రోజును తలుచుకుంటే ఆ రెండు గంటలు తీసేయాలని అనిపించదు. తెలిసిన చేతులు తొందర పడవని నాకు మల్లయ్యను చూశాక, పెద్దమ్మను చూశాక అర్థమైంది. ఇంటికొచ్చిన రాత్రి భోంచేస్తూ పెద్దమ్మ, "వచ్చే ఆదివారం నుంచి నాకు బండి నేర్పు" అంది. అరవై దాటాక ఇప్పుడెందుకంటే, "ఆ పల్లెల వచ్చే నెలల ఇంకా మూడు పెండ్లిళ్లున్నయ్. నీకేమో బడి ఉంటది" అంది. స్టీరింగ్ పట్టించేముందు ఆవిడకు చెప్పిన మొదటి పాఠమే మీకూ చెబుతున్నాను. పాత కారు వేడెక్కితే వెంటనే ఆపండి, చల్లారేదాకా మూత తీయొద్దు. ఇంజన్ మరుగుతున్నా పైన ఉన్న రబ్బరు పైపూ రేడియేటరూ వేడెక్కకుండా, నీళ్లు నిండుగా ఉంటే, ముందు థర్మోస్టాట్‌నే అనుమానించండి.