కాళ్ళొచ్చేదాకా

పసిపిల్లలు అమాయకులంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంత పెద్ద తల, ముఖంలో సగం ఆక్రమించే కళ్ళు, బూరెల్లాంటి బుగ్గలు, పళ్ళులేని ఆ నవ్వు, ఇవన్నీ పెద్దవాళ్ళ చేత చాకిరీ చేయించుకోవడానికి తరతరాలుగా సమకూరిన సరంజామా అని చదువుకున్నవాళ్ళు ఇప్పుడు చెబుతున్నారు. నాకు ఆ సంగతి అరవైల మొదట్లో, నూజివీడు దగ్గర మా మామిడితోటలోనే తెలిసింది. అప్పుడు చెబితే వినేవాళ్ళేరీ?

మా తాతయ్యకు ఉన్నది ఒకటే గొంతు. ఎద్దుల్నీ, కూలీల్నీ, మమ్మల్నీ దానితోనే అదిలించేవాడు. కోతల కాలంలో చంటిపిల్లలతో ఎవరూ పనికి రాకూడదని ఆయన ఆజ్ఞ. వస్తే ఆ పూటే పంపించేసేవాడు. ఆ ఏడు ముసునూరు వైపు నుంచి ఒకామె పనికి వచ్చింది. భర్త మంచాన పడ్డాడు, ఇల్లు ఆమె కూలి మీదే నడవాలి. నెలల పిల్లను చూసే దిక్కు ఇంట్లో లేదు. అందుకని ఒక ఖాళీ గంపలో గడ్డి పరిచి పిల్లను పడుకోబెట్టి, మీద పాత చీరముక్క కప్పి, దానిమీద నాలుగు గడ్డిపరకలు చల్లి, కాయల గంపల మధ్య దాచింది.

ఆమె మరిచిపోయింది ఒక్కటే. గంపల అడుగున దెబ్బకాయలు పెట్టి పైన మంచి రసాలు పేరుస్తారని తాతయ్యకు తీరని అనుమానం. ప్రతి గంపలోనూ గడ్డి కింద చెయ్యి పెట్టి తడిమి చూసేవాడు. ఆరోజూ అలాగే పెట్టాడు. లోపల నుంచి ఎవరో ఆయన వేలు పట్టుకున్నారు.

ఆ తల్లికి కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. తాతయ్య గడ్డి తీసి, గుడ్డ తొలగించాడు. పిల్ల వేలు వదల్లేదు సరికదా, ఆయన ముఖంలోకి చూసి బోసినవ్వు నవ్వింది. అంతే, మా ఇంట్లో ఎవరూ ఎరగని రెండో గొంతు ఒకటి బయటికి వచ్చింది.

"ఎవలమ్మా నువ్వు? ఎవలూ?"

కోతలయ్యేదాకా ఆ గంప తోటలో తాతయ్య మంచం పక్కనే ఉంది. తల్లి కాయల పని మీద ఉంటే, ఆయన ఈగలు తోలే పని మీద ఉండేవాడు. పిల్ల పంచె తడిపితే మురిసిపోయేవాడు. అదే పంచెకు తల్లి కొంగు తగిలితే మాత్రం ఇంటికెళ్ళి తలస్నానం చేసే మనిషి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. బోసినవ్వు నాకూ ఉంది కదా అని ఒకసారి ఇంట్లో ఆయన ముందు నిలబడి, కళ్ళు ఇంతేసి చేసి నవ్వాను. నాకు కళ్ళకలకేమో చూడమని నాయనమ్మను కేకేశాడు. నా సరుకుకు అప్పటికే గిరాకీ పోయింది.

మరుసటి ఏడు కోతల ముందు ఆమె పని అడగడానికి మా ఇంటికి వచ్చింది. వాకిట్లో నిలబడి, చంకలోని పిల్లను దించి, గర్వంగా చెప్పింది.

"పిల్లకి కాళ్ళొచ్చాయి బాబుగారూ. ఇంక ఎత్తుకునే పని కూడా లేదు. ఈ ఏడు పని ఇంకా బాగా చేస్తానండీ."

పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, మెట్లు పాకి, వసారాలో తాతయ్య కుర్చీ ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. తాతయ్య ముందుకు వంగాడు. ఆ రెండో గొంతు సగం బయటికి వచ్చేసింది కూడా.

"ఏవండీ," అంది నాయనమ్మ గుమ్మంలోంచి. "గంపలో ఉన్నంతకాలం పసిబిడ్డ, సరే అనుకున్నాం. ఇప్పుడది తన కాళ్ళతో వసారా ఎక్కింది. రేపు వంటింట్లోకి వస్తుంది."

తాతయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. పాత గొంతుతో, పిల్లను పట్టుకెళ్ళమని, ఈ ఏడు కూలీలు సరిపోయారని చెప్పాడు. ఇంకా ఒక్క కూలీని కూడా పిలవలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఏడాదిగా ఆ పిల్లంటే నాకు గిట్టేది కాదు. కానీ అప్పుడు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. తల్లి మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది, ఆమె వసారా ఎక్కకూడదు. కింద నుంచే రమ్మని పిలిచింది. పిల్ల వెనక్కి తిరగలేదు. అదే తల, అవే కళ్ళు, అవే బుగ్గలు. చేతులు దించకుండా తాతయ్య ముఖంలోకి చూసి నవ్వుతూనే ఉంది. కిందికి దించి తల్లికి ఇవ్వాలన్నా, ముందు ఎవరో ఒకరు ఎత్తుకోవాలి కదా.