ఆతె అడిగిన రాగం

దుబాయ్ వైపు కల్బాలో నేనుండే గది కిటికీ పక్కవాళ్ళ వంటింటికి ఎదురుగా ఉంటుంది. సాయంత్రమైతే చాలు, అక్కడ వెనిగర్లో వెల్లుల్లీ మిరియాలూ వేసి కోడిమాంసం ఉడికిస్తారు. పుల్లగా, ఘాటుగా ఆ వాసన ముక్కుకి తగిలిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది. ఫిలిప్పీన్స్ వాళ్ళ కూర అది. మొదట్లో ఆ వాసన నాకు పడేది కాదు. ఇప్పుడు కిటికీ మూయను. ఆ వాసన ఉన్నంతసేపూ ఆతె నా వెనకాలే నిలబడి బట్టలు మడతపెడుతున్నట్టుంటుంది. ఆతె అంటే వాళ్ళ భాషలో అక్క. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే పై అంతస్తులో ఉండే ఏలూరు నర్సమ్మ రాస్తోంది. నాది బొంగురు గొంతు, మాట సగంలో విరుగుతుంది, మళ్ళీ చెప్పమంటుంది పాపం. చెబుతాను. ఆతెని మీరెవరూ చూడలేదు గదా, అందుకని మొదట్నుంచీ చెబుతాను.

కరోనా వచ్చిన ఏడాది నేను ఫుజైరాలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటావిడని ఇక్కడ మేమంతా మామా అంటాం. మామా వాళ్ళ అత్తగారు మంచం పట్టింది. ఆవిడని చూసుకోడానికి ఒక మనిషి కావాలంటే, ఆ ఇంటి ఫిలిప్పీన్స్ డ్రైవరు తన దేశం మనిషిని తీసుకొచ్చాడు. నేను బియ్యం బస్తా దించమంటే నడుంనొప్పి అనే మనిషి, ఆరోజు రెండు పెద్ద పెట్టెలు రెండు చేతులా మోసుకుంటూ ముందు నడిచాడు. వెనకాల యాభై దాటిన ఒకావిడ, ఎత్తుమడమల చెప్పులేసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చింది. ఈవిడేం ముసలమ్మకి స్నానం చేయిస్తుందిలే అనుకున్నాను. వెనకవైపు గది మా ఇద్దరిదీ. ఆవిడ అసలు పేరు రోసింగ్, నేను ఆతె అనేదాన్ని. సినిమా తెరమీద పేరు వేరేనట. నాలుగు హిందీ మాటలు, నాలుగు అరబ్బు మాటలు, మిగతాది చేతులు. మా భాష అదే.

ఇస్త్రీ చేస్తూ తన కథ చెప్పేది. చేపలు పట్టేవాళ్ళ ఊరు. పద్నాలుగేళ్ళప్పుడు ఊరి పండగలో పాటల పోటీలో గెలిస్తే బస్తా బియ్యం ఇచ్చారట. తర్వాత రేడియో, తర్వాత సినిమా పాటలు. పాడే పిల్ల చూడ్డానికీ బాగుందని హీరోయిన్ పక్కన స్నేహితురాలి వేషం వేయించారు, ఆ తర్వాత హీరోయిన్నే చేశారు. క్షవరం కొట్లలో కాలెండర్ల మీద తన బొమ్మే ఉండేదంది. పెళ్ళాడినవాడు సినిమాలు తీసి మునిగాడు. గొంతులో కణితి లేస్తే ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత పైస్థాయి పలకలేదు. కొత్తవాళ్ళు వచ్చారు. జపాన్ వెళ్ళి క్లబ్బుల్లో పాడింది. ఆ తర్వాత ఫుజైరా హోటల్లో పన్నెండేళ్ళు, తింటూ కబుర్లాడుకునేవాళ్ళ ముందు పాడింది. కరోనాకి ఆ హోటలూ మూసేశారు. ఇదంతా ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పి, అరబ్బుల పొడుగు చొక్కా, కందూరా, మడత విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టేది. నేను ఊఁ కొట్టేదాన్నే గానీ నమ్మలేదు. దుబాయ్ వచ్చినవాళ్ళంతా ఊళ్ళో జమీందార్లమే అంటారు గదా.

ఒకరోజు సరుకులకి వెళ్ళాం. మూతికి గుడ్డ ఉంది, ఎవరికీ ఎవరూ తెలియరు. బిల్లు వేసే పిల్లా వాళ్ళ దేశందే. ఆతె థ్యాంక్యూ అనగానే ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి. గొంతు గుర్తుపట్టింది. మధ్యలో ప్లాస్టిక్ తెర ఉన్నా దాని మీదే అరచెయ్యి ఆనించి ఏడ్చేసింది. వాళ్ళమ్మ ఆతె బొమ్మున్న కాలెండరు ఆ ఏడాది అయిపోయాక కూడా గోడ మీంచి తియ్యలేదట. వెనక లైన్లో పఠాన్ ఒకడు, అమ్మా, మీ ఏడుపులు నా పాలు విరిగేదాకా ఉంటాయా అన్నాడు. ఆతె చంకలో కోడిని పెట్టుకునే బిల్లు కాయితం మీద సంతకం చేసిచ్చింది. ఆరోజు నుంచి నేను ఆవిడ కథకి ఊఁ కొట్టడం మాని, వినడం మొదలుపెట్టాను.

ఆ వేసవిలోనే మా ఆయన పోయాడు. కోనసీమలో కొబ్బరి దింపు పని ఆయనది. రెండురోజులు జ్వరం, మూడోరోజు లేడు. విమానాల్లేవు. మరిది ఫోన్ చేసి, నీకోసం ఆపలేం వదినా అన్నాడు. నాకు పిల్లల్లేరు. మా వైపు మనిషి పోతే ఆడవాళ్ళు శోకం పెట్టాలి. ఊరికే ఏడవడం కాదది. పోయిన మనిషి చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తూ, రాగం తీస్తూ ఏడవాలి. అందరికంటే ముందు పెళ్ళాం పెట్టాలి. పెట్టకపోతే ఆ మనిషి ఎవరికీ కానివాడైపోయినట్టు. మరిది ఫోన్ శవం పక్కన పెట్టాడు. నేను వంటింట్లో నిలబడి నోరు తెరిచాను. గాలి కూడా రాలేదు. పక్కగదిలో ముసలమ్మ నిద్ర. మూడురోజులు అంట్లు తోముతూ, నేల తుడుస్తూ తిరిగాను. ఆయన బాకీ నా గొంతులో ఉండిపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం బట్టలారేయడానికి ఆతె నన్ను మేడమీదికి లాక్కెళ్ళింది. అక్కడ ఏసీ డబ్బాలు వరసగా రొద చేస్తుంటాయి, కింద ఎవరికీ ఏమీ వినపడదు. నా పక్కటెముకల కింద చెయ్యి వేసి నొక్కింది. గొంతుతో కాదు, ఇక్కణ్ణుంచి అని సైగ చేసింది. తనే ముందు ఊపిరి పీల్చి చూపించింది. నాలుగోసారో ఐదోసారో నాలోంచి వచ్చింది. చెట్టెక్కే ముందు చెట్టుకి మొక్కేవాడివే నా అయ్యా, వెళ్ళేముందు నాకో మాట చెప్పలేదేమయ్యా అని మొదలైంది. కత్తి నూరేవాడివే, లేత బొండం నాకని పక్కన పెట్టేవాడివే అని, ఎంతసేపు పెట్టానో. చెయ్యి కాలే ఎండ. దిగేటప్పటికి నా గొంతు ఇలా అయిపోయింది, మళ్ళీ బాగుపడలేదు. కానీ ఆ రాత్రి అన్నం తిన్నాను.

నేను కళ్ళు మూసుకునున్నప్పుడు ఆతె ఫోన్లో తీసిందని నాకు తెలియదు. నెట్లో తన పేజీలో పెట్టింది. వాళ్ళ ఊళ్ళో చావింట్లో పాడతారు, పేకాడతారు, పరదేశాల్లో ఉన్న చుట్టాల కోసం ఫోన్లో చూపిస్తారు. అది వాళ్ళకి మర్యాద. నా చెల్లెలు భర్తకి వీడ్కోలు పాట పాడింది అని కింద రాసిందట. ఎప్పుడో ఎండిపోయిన ఆవిడ పేజీకి జనం విరగబడి వచ్చారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలో పనిచేసే మా ఊరివాడికి అది చేరింది. వాడు ఊళ్ళోకి పంపాడు. ఎర్ర హృదయాలు, చప్పట్ల బొమ్మలు, అన్నీ దాంతోపాటే వెళ్ళాయి.

మా అత్త ఫోన్ చేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా కొడుకు శోకం ఇంట్లో పెట్టమంటే బజార్లో పెట్టావే మంగా. మొగుడు పోయినదానికి చప్పట్లు కొట్టించుకున్నావు."

ఆ తర్వాత ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు.

రెండురోజులు నేను ఆతె మొహం చూడలేదు. మూడోరోజు ఆవిడ పరుగున గదిలోకి వచ్చింది, ఫోన్ చూపించింది. మనీలాలో టీవీవాళ్ళు పిలిచారట. ఇక్కణ్ణుంచే వీడియోలో మాట్లాడాలి, ఆ పాట వినిపించాలి, తర్వాత తనూ ఒకటి పాడాలి. ఇరవై ఏళ్ళయింది వాళ్ళు నా పేరు తలిచి, అంది. చిన్నపిల్లలా ఉంది మొహం. ఎలా చెప్పాలో తెలియక, ఉన్న మాటల్తోనే చెప్పాను.

"అది పాట కాదు ఆతె. అది మా ఆయన."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. నేను అత్త మాటలు చెప్పాను, శోకం అంటే ఏమిటో చెప్పాను, సగం చేతుల్తో. ఆవిడ మంచం మీద కూర్చుంది. నీకోసం ఫోన్లో ఒక్కటి ఉంచనా అని అడిగింది. వద్దన్నాను. నా కళ్ళముందే తీసేసి, ఖలాస్ అంది. టీవీవాళ్ళు ఆ పాట లేకపోతే అక్కర్లేదన్నారట. అది మర్నాడు డ్రైవరు చెబితే తెలిసింది, ఆవిడ చెప్పలేదు. ముసలమ్మకి స్నానం చేయిస్తూ పొద్దున్నే ఎప్పటిలాగే కూనిరాగం తీసింది. నేను వాకిలి తుడుస్తూ నిలబడిపోయాను. ఆవిడ చేసింది తప్పే. ఆ తప్పుకి అంత ఇచ్చుకుంటుందని నేననుకోలేదు. ఆవిడ చోట నేనైతే ఇచ్చేదాన్నా? తెలియదు.

రెండేళ్ళకి ముసలమ్మ పోయింది. ఆతె వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. నేను కల్బాలో వేరే ఇంటికి మారాను. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. సీరియల్లో నాయనమ్మ వేషాలు, అమ్మ వేషాలు వస్తున్నాయంది. ఒకసారి చేసినప్పుడు చాలాసేపు పిచ్చాపాటీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించింది. సీరియల్లో తన కొడుకు చనిపోతాడట. కళ్ళల్లో మందేసుకుని ఏడవడం తనకి తెలుసు గానీ, ఈ తల్లి అలా ఏడవదంది.

"నీ రాగం కావాలి చెల్లీ. ఇస్తేనే తీసుకుంటాను. ఇవ్వకపోతే మళ్ళీ అడగను."

అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"రాగం తీసుకో ఆతె. మాటలు మాత్రం మా ఆయనవి. నీ కొడుక్కి నువ్వే వెతుక్కో."

వెతుక్కుంది. నర్సమ్మ ఫోన్లో చూపించింది. జుట్టు విరబోసుకుని, నేలమీద కూర్చుని, ఛాతీమీద చెయ్యి వేసుకుని ఆతె ఏడుస్తోంది. ఒక్క మాటా నాకు తెలియదు. కానీ ఏదో చెప్పి ఆగుతోంది, ఇంకోటి చెప్పి ఆగుతోంది. ఆ కొడుకు చేసిన పనులేవో ఒక్కొక్కటీ పిలుస్తోంది. ఎక్కడ ఊపిరి తెగాలో అక్కడే తెగింది. నర్సమ్మ, ఎంత బాగా నటించిందో అంది.

అడిగి తీసుకోవడం అంటే ఏమిటో, ఇచ్చాక కూడా మన దగ్గర ఏం మిగులుతుందో నాకు ఆవిడ వల్లే తెలిసింది. రాగం ఇచ్చేశాను. మాటలు మిగిలాయి. అవి అయిపోలేదు, ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి. మొన్న పప్పు కలుపుకుంటుంటే ఒకటి గుర్తొచ్చింది. కూరలో ఉప్పు తక్కువైతే మా ఆయన చెప్పేవాడు కాదు, ఊరికే తినేసి లేచేవాడు. ముద్ద పక్కన పెట్టి దాన్ని కూడా ఆయన శోకంలో చేర్చాను. గదిలో వినడానికి ఎవరూ లేరు. అయినా పైకే అన్నాను.