నోరు విప్పిన నార

మా తమ్ముని భార్యను కార్ఖానాలో అందరూ నారమ్మ అని పిలుస్తారు. బస్సు సీట్లకు వెనుక పలకలు తయారుచేసే ఆ షెడ్డులో ఆమెది పంతొమ్మిదేళ్ల అనుభవం. మొదట అక్కడ ప్లాస్టిక్ జిగురుకు బలం కోసం గాజునార కలిపేవారు. ఆ నూగు చర్మంలో దిగి, ఇంటికి వచ్చాక కూడా ఆమె మోచేతులు గోక్కుంటూనే ఉండేది. గాజుకు బదులు గోగునార వేసి చూడమని మూడేళ్లు అడగగా, చివరకు ఇంజనీరు ఒక్క అవకాశమిచ్చారు. బస్సుల కంపెనీవారి బరువు పరీక్షకు గోగునార పలక ఆగితే సరి. విరిగితే ఆమెతో సహా తొమ్మిదిమంది ఆడవాళ్లూ మళ్లీ గాజునారకే.

పని పద్ధతి కాగితాన్ని, దస్తూరీ బాగుంటుందని, కచేరీలో నకళ్లు రాసే నాచేత శుద్ధప్రతి రాయించి గోడకు అంటించారు.

పరీక్షకు ముందురోజు ఉదయం, సోడా నీళ్లలో నానబెట్టి కడిగిన నారను వెంటనే అచ్చులో పరచమని ఇంజనీరు తొందరపెట్టారు. నారమ్మ గుప్పెడు నార తీసి చెవి దగ్గర మెలిపెట్టింది.

“ఇదింకా నోరు విప్పలేదండీ. తడి నార జిగురు పట్టదు, బుడగలొస్తాయి.”

“కాగితంలో ఆరబెట్టమని లేదు కదమ్మా!”

“రాసింది మా బావగారు. ఆయన అక్షరం తప్పరు. వరస తప్పారేమో, పిలిపించండి.”

నేను చిత్తుప్రతితో వెళ్లి సరిచూశాను. “పిదప కడుగవలెను. పిదప ఆరు గంటలు ఎండలో ఆరబెట్టవలెను. పిదప అచ్చులో పరచవలెను.” నా కన్ను రెండవ పిదప నుండి మూడవదానికి దూకినది.

“బావగారూ, నడిమి పిదపను నమిలి మింగేశారన్నమాట!”

షెడ్డంతా నవ్వింది. నేను తలవంచుకున్నాను.

ఆమె నారను వలమీద పలుచగా పరచి, అరగంటకొకసారి తిరగవేస్తూ సాయంత్రం వరకు ఎండలోనే నిలబడింది. మళ్లీ మెలిపెడితే చిటపటమన్నది. “ఇదిగో, ఇప్పుడు పలికింది,” అని అచ్చు నింపింది.

మర్నాడు పలకపై మూడు ఇసుక బస్తాలు పెట్టారు. వంగింది. నమ్మకం చాలక కంపెనీ మనిషి నాలుగవది తానే ఎత్తి పెట్టాడు. బస్తాలు దించగానే పలక యథాస్థితికి వచ్చింది. ఒక్క బీట లేదు. గాజునార చుట్టలను ఆరోజే షెడ్డు నుండి బయటికి దొర్లించారు.

కాగితాన్ని సరిచేసి మళ్లీ రాయమని ఇంజనీరు ఆజ్ఞాపించి, ఒక వాక్యం అదనంగా చెప్పారు. నేను రాశాను: “నార ఆరినదీ లేనిదీ నారమ్మగారు చెవి దగ్గర మెలిపెట్టి నిర్ధారించవలెను.”

ఆమె గోడ దగ్గర నిలబడి చదువుకున్నది.

“గారు కూడానా బావగారూ? ఇంజనీరుగారు చెప్పారా?”

చెప్పలేదు. నలభై ఏళ్లలో చిత్తులో లేని మాటను నేను శుద్ధప్రతిలో చేర్చడం అదే మొదలు.