బస్సు తిరిగే చోటు

ఒక ఊరికి మొట్టమొదటి బస్సు వేయించిన ఘనత నాది. ఆ బస్సును నెల్లాళ్లపాటు వెనక్కి నడిపించిన ఘనత కూడా నాదే. మొదటి సంగతి అందరూ మర్చిపోయారు. రెండోది మాత్రం ఇప్పటికీ ఆ ఊరివాళ్లు నాకే గుర్తుచేస్తుంటారు, అందుకే ఊరి పేరు చెప్పను. చాట్రాయి దాటాక, మామిడి తోటల మధ్య ఉంటుందని మాత్రం చెబుతాను.

అప్పటికి మండలాలు కొత్తగా ఏర్పడ్డాయి. నేను ఒక మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి ఆరు నెలలైంది. ప్రభుత్వాన్ని నేనే నడుపుతున్నానని గట్టిగా నమ్మే రోజులవి. జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏయే ఊళ్లకు బస్సు కావాలో మండలం ప్రణాళిక పంపాలి. అది జిల్లా రూట్లతో కలవాలి, నిబంధనలకు సరిపోవాలి. దానికో ఫారం. అందులో ఒక గడి: చివరి స్టాపులో బస్సు తిరగడానికి చోటు ఉన్నదా, లేదా?

మా సూపరింటెండెంటు కామేశ్వరరావు గారు ఫారం నా చేతిలో పెట్టి, "వెళ్లి చూసి రాయవయ్యా. ఊళ్లోవాళ్లను అడుగు," అన్నారు.

కార్తీకమాసంలో సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. ఊరి చివర సుబ్బమ్మ గారనే తోట యజమానురాలి జాగా ఉంది. అద్దంలా నున్నగా ఉంది. బస్సేంటి, రథం కూడా దర్జాగా తిరుగుతుంది.

"ఇప్పుడైతే ఖాళీయే బాబూ, కానీ..." అన్నారావిడ.

"ఖాళీయే కదండీ," అని 'ఉన్నది' అని రాసేశాను. ఆవిడ 'కానీ' పట్టే గడి ఫారంలో లేదు మరి.

కాగితాలు అన్ని ఆఫీసులూ తిరిగి, అందరి సంతకాలూ వేయించుకుని, బస్సును వెంటబెట్టుకొచ్చేసరికి మే నెల వచ్చింది. మొదటి రోజు ముందు సీట్లో నేను, నా పక్కన సూపరింటెండెంటు గారు. నా చొక్కా ఇస్త్రీకి బస్సే కుళ్లుకోవాలి.

ఊరి చివర డ్రైవరు బ్రేకు వేశాడు. జాగా నిండా చిన్న రసాల మామిడికాయల గుట్టలు, గడ్డి, గంపలు. వాటి మధ్య రెండు లారీలు.

"ఎక్కడ తిప్పమంటారండీ?"

"ఇక్కడేనండీ."

"ఇక్కడ కాయలున్నాయండీ."

"కార్తీకంలో లేవండీ."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

సుబ్బమ్మ గారు కిటికీ దగ్గరికి వచ్చారు. "ఆవేళ చెప్పబోతే విన్నావా బాబూ? కోతలప్పుడు కాయలన్నీ ఇక్కడే పోస్తాం. ఏడాది పంట, ఎక్కడికి మార్చను?"

దారికి రెండు పక్కలా తోటల గట్లు. బస్సు తిరగాలంటే రెండు కిలోమీటర్లు వెనక్కి, రోడ్డు కలిసే చోటికి పోవాలి. అప్పటికే నూజివీడు వెళ్లేవాళ్లు ఎక్కి కూర్చున్నారు. నేను దిగి, బస్సు వెనక నిలబడి, "రానీ, రానీ," అంటూ నడిచాను. ఇస్త్రీ సంగతి అడక్కండి.

తోటపనికి వెళ్లే నాగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బాబూ, నూజివీడు ఇటేనా?"

"ఇటేనమ్మా."

"మరి ముందుకు చూస్తా ఉంటే మా ఊరే కనపడతా ఉందేంటి?"

సూపరింటెండెంటు గారు తన వైపు కిటికీ మూసేసుకున్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి డ్రైవరు తనే ఉపాయం చేశాడు. రోడ్డు దగ్గరే బస్సు తిప్పి, ఊళ్లోకి వెనక్కి వచ్చి, వెళ్లేటప్పుడు బుద్ధిగా ముందుకు పోయేవాడు. కాయలు దిగినన్నాళ్లూ ఆ ఊరికి బస్సు వీపు చూపిస్తూనే వచ్చింది.

ఒకరోజు ఊరంతా వేలిముద్రలు వేసి అర్జీ పంపారు. సూపరింటెండెంటు గారు పైకి చదివారు. "మా బస్సు వెనక నుంచి వచ్చుచున్నందున ఊరి పేరు బోర్డు కనబడుట లేదు. వెనక కూడా ఒక బోర్డు పెట్టించ ప్రార్థన."

"ఏం చేద్దామండీ?" అన్నాను.

"ప్రణాళికలో చేర్చు. నీ చేత్తోనే చేర్చు."

చేర్చాను. అదీ అన్ని ఆఫీసులూ తిరిగింది. ఎక్కడా ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. చివరికి బోర్డు మంజూరైంది. అది వచ్చేనాటికి కోతలైపోయాయి, జాగా ఖాళీ అయింది, బస్సు హాయిగా తిరుగుతోంది. అయినా మంజూరైన బోర్డును వాపసు పంపే నిబంధన లేదు. జిల్లాలో ఊరి పేరు రెండు వైపులా రాసుకున్న బస్సు నాకు తెలిసి అదొక్కటే.

ఆ బోర్డు వచ్చిన రోజే ఆఫీసు బల్ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. మామిడికాయలు దిగే నెలలో నా కళ్లతో చూస్తే తప్ప, ఈ జన్మలో ఏ జాగా గురించీ 'ఉన్నది' అని రాయను.