జొన్నల పాతర గోడ

నేలలో తవ్విన జొన్నల పాతరలోకి దిగాలంటే మా అత్తగారింట్లో అందరికీ గాలి భయమే. నెలల తరబడి మూసి ఉన్న గుంట కదా. మూత తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు లాంతరు కట్టి దించేవాళ్లు. దీపం ఆరకుంటే మనిషి దిగొచ్చు. గోడ కూలుతుందని భయపడినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఎనభైల మొదట్లో శిరివెళ్ల దగ్గరి ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చాను. పాతరను వంక గట్టున, పసుపు మన్నులో తవ్వారు. పిండిలాంటి మన్ను, అయినా గడ్డపారతో నిలువునా కోస్తే గోడలా నిలిచేది. దాని నిండా సూదిమొన పట్టే బెజ్జాలు. ఇంటి గోడలు మెత్తడానికి ఆ మన్నుగడ్డలే తెచ్చి నీళ్లలో వేసేదాన్ని. బుసబుసా బుడగలొచ్చి, చెయ్యి పెట్టకముందే కూలిపోయేవి. ఆ ఏడు పాతర పక్క చేనికి కాలవ నీళ్లు పెట్టారు. నా మనసు కీడు శంకించింది. చెబితే, కొత్త కోడలికి అన్నీ అనుమానాలేనని మా అత్త నవ్వేసింది.

జొన్నలు తీసే రోజు లాంతరు ఆరలేదు. మా ఆయన దిగి గంపలకెత్తుతున్నాడు. జొన్నలు నంద్యాలకు తోలడానికి ఆయన అన్న, మా బావ, ట్రాక్టరు తెచ్చి పాతర అంచునే నిలబెట్టాడు. ఇంజను ఆపలేదు. బ్యాటరీ చచ్చిన బండి, ఆపితే మళ్లీ అందరూ తొయ్యాలి. నా కాళ్ల కింద నేల అదురుతోంది. వంగి చూశాను. గోడకు పరిచిన చొప్ప తొలగిన చోట చెమ్మ, అక్కడినుంచి మన్ను సన్నగా, ఆగకుండా జారుతోంది.

"బావా, ఇంజను ఆపు. మన్ను రాలుతాండాది."

"ఆపితే నువ్వు తోస్తావా?"

బావ ఎదుట తలెత్తని దాన్ని, ట్రాక్టరెక్కి నేనే ఆపేశాను. ఇక తిట్లే తిట్లు. ఏం రభస అని మా ఆయన తాడు పట్టుకుని పైకొచ్చాడు.

"నా పరువు తీస్తాండావ్."

పరువు పట్టుకుని ఆ గుంటలోనే ఉండాల్సిందని నేనూ అనేశాను.

అందరం ట్రాక్టరును తోశాం, మా ఆయన కూడా. కొంచెం కదలగానే ఇంజను అందుకుని నేలను గట్టిగా కుదిపింది. వెనక ఎవరో బస్తా దించినట్టు చప్పుడు, అంతే. తిరిగి చూస్తే పాతర లేదు. పసుపు దుమ్ము లేస్తోంది. ఈసారి బావే ఇంజను ఆపాడు.

మా ఆయన తువ్వాలు ఆ మన్ను కిందే ఉండిపోయింది. బండి కదలగానే మళ్లీ గుంటలోకి దిగి తెచ్చుకుందామనుకున్నానని ఆ సాయంత్రం నాతో ఒక్కదానితోనే చెప్పాడు.