కేస్ షీటులో నేను రాసిన మాట

మొన్న హాలిఫాక్స్ బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు మన తెలుగు స్టూడెంట్లు పప్పు మాడిందని గొడవపడుతున్నారు. “షిఫ్ట్‌కి లేటయితుందని స్టవ్ ఆఫ్ చెయ్యకుండ ఉరికినవ్, మళ్ళ నన్నంటవా!” అని ఒకడు. ఈ మధ్య ఏ బస్సెక్కినా ఈ పిల్లలే లెండి. మా ఆయన పోయాక, మూడేళ్ళుగా నా ఇంట్లో తెలుగు మాట వినిపించలేదు; అందుకని ఆ మాడిన పప్పు సంగతే చెవులారా వింటూ, దిగాల్సిన చోటు దాటి మూడు స్టాపులు పోయాను. తిరిగి నడిచి వస్తుంటే ఆ వేల్స్ తాతగారు గుర్తొచ్చారు.

నేను ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరుగా కొత్తగా చేరిన రోజులవి. వార్డులో కిటికీ పక్క మంచం ఆయనది. కుర్రతనంలో వేల్స్ నుంచి వచ్చి, బొగ్గు గనుల్లో పనిచేస్తూ జీవితమంతా ఇంగ్లీషులోనే నెట్టుకొచ్చిన మనిషికి, మతిమరుపు ముదిరేసరికి ఆ ఇంగ్లీషంతా జారిపోయి, చిన్ననాటి వెల్ష్ భాష ఒక్కటే మిగిలింది. పొద్దస్తమానం ఏదో చెప్పేవారు, మా ముఖాలు చూసేవారు, మళ్ళీ అదే చెప్పేవారు. కన్నకొడుక్కీ ఆ భాష రాదు. డాక్టరమ్మనని నాకెంత పొగరో, కేస్ షీటులో “అర్థం లేని మాటలు” అని రాసేసి చక్కా పోయాను.

వారం తర్వాత మనవరాలు వచ్చింది. వేల్స్‌లో మళ్ళీ బడుల్లో ఆ భాషలో పాఠాలు చెబుతున్నారని తెలిసి, అక్కడికి వెళ్ళి పట్టుబట్టి నేర్చుకున్న పిల్ల. పక్కన కూర్చుని నాలుగు మాటలు అందో లేదో, ఆ పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని బావురుమన్నారు. తాతయ్యకు చలేస్తోందట, కిటికీ మూయమంటున్నాడు అని ఆ పిల్ల నాతో చెప్పింది. అంతే! వారం రోజులుగా ఆయన అడిగింది అంతే. కిటికీ నేనే మూశాను, షీటులో ఆ మాటా నేనే కొట్టేశాను. ఆ అమ్మాయి ముఖంలోకి మాత్రం చూడలేకపోయాను.

ఆ కుటుంబం కథ కూడా ఆ అమ్మాయే చెప్పింది. ఆ పెద్దాయన తండ్రి చదువుకున్న బడిలో, వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారట. ఆ మాట ఎవరి నోట వస్తే వాళ్ళ మెడకు మారుతూ, సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళకు దెబ్బలట. ఆ భయమే ఇంట్లోనూ తిష్ఠవేసి, ఈయన తన కొడుకుతో ఒక్క వెల్ష్ మాటైనా ఆడలేదట. ఎంత అన్యాయం అని ఆ రోజు తెగ బాధపడ్డదాన్ని, కొన్నేళ్ళకు మా అమ్మాయి బడిలో టీచరమ్మ ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడండి అనగానే బుద్ధిగా తలూపాను. ఏ చెక్కముక్కా లేదు, ఎవరూ కొట్టలేదు. చేజేతులా చేసుకున్నాను.

దూరాన ఎటోబికోలో ఉన్న మా అమ్మాయి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ప్రేమలో ఏ లోటూ లేదు, బంగారుతల్లి. కానీ “అమ్మా” అన్న ఒక్క పిలుపు తప్ప తక్కినదంతా ఇంగ్లీషే. మేం వచ్చినప్పుడు ఈ ఊరు మొత్తానికి నాలుగంటే నాలుగే తెలుగిళ్ళు. ఇప్పుడు బస్సు నిండా తెలుగే, లేనిది నా ఇంట్లోనే. వేల్స్‌లో ఎవరో మొండివాళ్ళు పూనుకోబట్టి ఆ భాష మళ్ళీ పిల్లల నోళ్ళలో పడింది. నాకా మొండితనం లేకపోయింది. ఈమధ్య ఇంగ్లీషు మాటలకు తడుముకుంటున్నాను, నిజం చెప్పొద్దూ, భయంగా ఉంది.

మొన్న ఆ బస్సు దిగి ఇంటికి రాగానే ఒక చీటీ రాసి పర్సులో హెల్త్ కార్డు పక్కన పెట్టుకున్నాను. “ఈమెవి అర్థం లేని మాటలు కావు, తెలుగు. దయచేసి ఆ భాష వచ్చినవాళ్ళను పిలవండి” అని. ఆ చీటీ చదవాల్సినవాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది కదా, అందుకని ఇంగ్లీషులోనే రాశాను.